సూరమ్మది కాని వేలిముద్ర

సూరమ్మది కాని వేలిముద్రను సూరమ్మదని రాశారు. ఎస్టేటు ఆస్పత్రి పుస్తకంలో, నా పేరుకెదురుగా, 'పని ఎగ్గొట్టడానికి తనంతట తాను చేసుకున్న గాయం' అని ఇంగ్లీషులో ఒక వాక్యం. దాని కింద సాక్షిగా సూరమ్మ పేరు. పేరు పక్కన ఎవరిదో బొటనవేలు. వాక్యమూ అబద్ధమే, వేలూ అబద్ధమే. ఆ రెంటినీ కొట్టేయమని నేను ఎవరెవరిని అడిగానో వాళ్ళెవరూ ఇప్పుడు లేరు. నేనున్నాను. నా కోపమూ ఉంది.

పోయిన నెల కాలి మడమ పగిలి చీము పడితే కట్టు కట్టించుకుందామని సర్కారు ఆస్పత్రికి వెళ్ళాను. ఈ రోజుల్లో వాసన లేని మందులొచ్చాయి. ఆ రోజు అవి నిండుకున్నాయట, నర్సు బీరువా అడుగునుంచి పాత టింక్చర్ సీసా తీసింది. మూత తియ్యగానే ఆ వాసన, నాలుక మీద ఇనప ముక్క పెట్టినట్టుండే వాసన, ముక్కులోంచి నేరుగా అరవై ఏళ్ళ వెనక్కి పోయింది. కళ్ళు తెరిచి చూస్తే, నేను కూర్చున్న బల్ల మీదే నా పక్కన పద్నాలుగేళ్ళ పిల్ల ఒకతి కూర్చుని ఉంది. ఉడికిపోయే ఎండల్లో వేళ్ళ దాకా చేతులున్న ఊలు చొక్కా తొడుక్కుంది. వాళ్ళమ్మ నర్సుతో, ఈ దీవిలో అందరూ మాట్లాడే క్రియోల్‌లో చెబుతోంది: "మా ఇంటి వెనక చెరుకే కదా, ఆకు గీసుకుంది." పిల్ల నేల చూస్తోంది. అరవై ఏళ్ళ కిందట నేను చెప్పిన అబద్ధం అది, ఒక్క మాట కూడా మారలేదు.

సూరమ్మను మీరెవరూ చూడలేదు. పొడుగ్గా, ఎముకల గూడులా ఉండేది. చీర మీద ఆస్పత్రివాళ్ళ తెల్లగుడ్డ కట్టుకునేది. ఆమె తాతలూ మా తాతలూ విశాఖపట్నం వైపునుంచి వచ్చి ఈ దీవిలో ఓడ దిగినవాళ్ళు. వాళ్ళు ఓడెక్కిన కోరంగి రేవు పేరు పెట్టి మమ్మల్ని 'కోరంగీలు' అనేవారు. రివియేర్ దు రాంపార్ దగ్గర మా ఎస్టేటుకు రెండు గదుల ఆస్పత్రి ఉండేది. డాక్టరు గురువారం మాత్రమే వచ్చేవాడు. తక్కిన ఆరు రోజులూ ఆస్పత్రి అంటే సూరమ్మే. పాత చీరలు ఉడకబెట్టి, ఆరేసి, పేలికలుగా చింపి, వచ్చిన ప్రతి గాయానికీ కట్టు కట్టేది. కొడవలి దెబ్బలు, బండిచక్రం కింద నలిగిన పాదాలు, బెల్లం పాకం పడి కాలిన చేతులు. ఒక్క అక్షరం రాదు. ఆమె కట్టును వంద కట్లలో ఆనవాలు పట్టొచ్చు. ముడి ఎప్పుడూ పక్కకే వేసేది, తోక లోపలికి దోపేది. "నడిమిన ముడేత్తే ఒత్తిగిలినప్పుడల్లా గుచ్చుకుంటది. దెబ్బ ఒకటి సాలదేటి?" అనేది. ఇంకొక ఆనవాలు ఆమె కుడి బొటనవేలు. చిన్నప్పుడు గడ్డి కోస్తుంటే కొడవలి తగిలి నిలువునా చీలి, అతుక్కుంది. మధ్యలో కాలవలాంటి గీత. ఆ గీతను గుర్తుంచుకోండి.

నాకు పదమూడేళ్ళు నిండిన ఏడు పెద్ద తుఫాను వచ్చింది. ఈ దీవిలో నా ఈడువాళ్ళెవరికీ దాని పేరు చెప్పక్కర్లేదు. మా కాంపులో, అంటే ఎస్టేటు కూలీలకిచ్చిన గదుల వరసల్లో, కప్పులు ఒక్కొక్కటే లేచిపోయాయి. ఆ తర్వాత ఉన్నట్టుండి గాలి ఆగింది. ఆకాశం తెల్లబడింది. అయిపోయిందనుకున్నాను. మా మేకపిల్ల ఏమయిందో చూద్దామని బయటికి పరుగెత్తాను. అది తుఫాను నడిబొడ్డు మా నెత్తిమీదికొచ్చిన వేళ అనీ, గాలి ఎదురుదిక్కునుంచి మళ్ళీ వస్తుందనీ పెద్దవాళ్ళకు తెలుసు, నాకు తెలియదు. అమ్మ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. నేను మేకపిల్లను పట్టుకుని వెనక సందులోంచి ఇంటికి చేరాను, అమ్మ ముందు దారిన వెళ్ళింది. గాలి తిరిగొచ్చింది. మర్నాడు అమ్మ బండ్లశాల గోడ కింద దొరికింది. నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

బడి మాన్పించి నన్ను కలుపు తీసే ముఠాలో వేశారు. చెరుకుతోటలో ఎప్పుడూ చప్పుడే, ఆకు ఆకును రాచుకుంటూ ఉంటుంది. మధ్యాహ్నం పూట ఒక్కోసారి గాలి పడిపోయి ఆ చప్పుడు ఆగిపోతుంది. నలుగురూ తల మీద గుడ్డ తీసి చెమట తుడుచుకునేవారు, నాకు మాత్రం ఊపిరి ఆడేది కాదు. ఆ నిశ్శబ్దంలోనే నా చేతిని నేను గాయపరచుకోవడం మొదలయింది. ఎలాగని రాయను, అది ఎవరికీ అక్కర్లేదు. చనిపోవాలని కాదు. పని తప్పించుకోవాలని అసలే కాదు, గాయంతోనే సాయంత్రం దాకా కలుపు తీసేవాణ్ణి. లోపల అరుస్తున్నదేదో ఒక్క నిమిషం ఊరుకునేది, అంతే. ఆ తర్వాత సిగ్గు. మర్నాడు మళ్ళీ. చెరుకుతోటలో అందరి చేతులూ గీసుకుపోయే ఉంటాయి కనక నా చెయ్యి ఎవరికీ కనబడలేదు. దాక్కోవడానికి అంతకంటే మంచి చోటు లేదు.

ఒకసారి గాయం వాచి జ్వరం తగిలితే ఆస్పత్రికి పోక తప్పలేదు.

"ఏటయింది?" అంది సూరమ్మ.

"ఆకు గీసుకుంది, పిన్నీ."

గోరువెచ్చని నీళ్ళతో కడిగింది. నా మొహం వైపు చూడలేదు. "ముప్పయ్యేళ్ళై సూత్తన్నాను. ఆకు గీత్తే ఇలాగుంటదేటి? ఆకు ఎడాపెడా గీత్తది. ఆకుకి వరస తెల్దు బాబూ."

చెంప మీద కొడుతుందనుకుని కళ్ళు మూసుకున్నాను. ఎందుకు చేశావని అడుగుతుందనుకున్నాను. ఆమె అడిగింది వేరు.

"ఏ పూట వత్తది?"

"ఏది?"

"అదే. పొద్దుటా, మజ్జేనమా?"

"మజ్జేనం. గాలి ఆగినప్పుడు."

ఆమె చేతులు ఆగిపోయాయి. మా అమ్మకు చివరి స్నానం చేయించింది ఆ చేతులే. కాసేపటికి ముడి పక్కకు వేసి, తోక లోపలికి దోపి, "అయితే రేపట్నించి గాలాగితే ఇక్కడికొచ్చీ. కట్లు సుట్టాల. నాకు సేతులు సాలట్లేదు. సర్దారుకి నాను సెప్పుకుంటాను" అంది. సర్దారు అంటే మా ముఠాల మీద పెత్తనం చేసే మేస్త్రీ.

వెళ్ళాను. గాలి పడిపోయిన ప్రతి మధ్యాహ్నం గట్టు దాటి పరుగెత్తి ఆస్పత్రి వరండాలో కూర్చుని, ఉడికి ఆరిన పేలికలను చుట్టలు చుట్టాను. వదులుగా చుడితే విప్పి మళ్ళీ చుట్టించేది. రెండు చేతులూ కావాల్సిన పని అది. ఆమె నన్ను ఓదార్చలేదు. మేకపిల్ల సంగతి మూడు వారాలకు నేనే చెప్పాను. అప్పుడు కూడా "ఊఁ" అని, "మీయమ్మ నన్నడిగుంటే నానూ బైటికెల్లీమనే సెప్పుదును, బిడ్డ బైటుంటే ఏ తల్లి ఆగద్ది? గట్టిగా సుట్టు" అంది. రోజూ ఒక వేళాకోళం మాత్రం ఉండేది: "ఏరా అప్పలసామీ, ఇయ్యాల గాలి దానంతటదే ఆగిందా, పని ఎగ్గొట్టడానికి నువ్వే ఆపీసేవా?" నవ్వేవాణ్ణి. ఆ నవ్వులాట మాటే ఒకనాడు ఇంగ్లీషులో నా పేరుకెదురుగా ఎక్కుతుందని ఎవరనుకున్నారు?

ఆ వరండాలోనే ఒక రోజు ఆమె ఎడమ చేతి పచ్చబొట్టు చూపించింది. మోచేతి నుంచి మణికట్టు దాకా తులసికోట. "తడిమి సూడు" అంది. పచ్చని గీతల కింద చర్మం ఎత్తుపల్లాలుగా తగిలింది. "నాకూ పదమూడేల్లే. మాయమ్మకి తెలిసిపోయి పచ్చబొట్లు పొడిసేదాన్ని పిలిపించి మీద కోట కట్టించీసింది. పెల్లోలు సూసి ఎంత బాగుందో అన్నారు. దేవుడి బొమ్మ కింద ఏటుందని ఎవులడుగుతారు?" అని పెద్దగా నవ్వింది. ఆ నవ్వు నాకిప్పటికీ నచ్చదు.

నా కట్టు కింద గాయం నేను చేసుకున్నదేనని కాంపులో తెలిసిపోయింది. మా పూజారి ఇంటికొచ్చి నాన్నతో, "అమ్మోరు పిల్లాడి మీద కన్నేసింది, మొక్కడుగుతోంది" అన్నాడు. నాన్న మొహంలో ఆ ఏడాదిలో మొదటిసారి వెలుగు చూశాను. కొడుక్కి పిచ్చి కాదు, దేవత. అమ్మోరు పండగకు నా చేత ఘటం మోయించాలని పంచెకు పసుపు కూడా పెట్టాడు. తప్పు ఆయనది కాదు. మా పక్క వరసలోని తమిళులు కావడి మొక్కు పండగ నాడు ఒంటికి శూలాలు గుచ్చుకుని నడవడం ఏటా చూస్తున్నవాళ్ళం మేము. నొప్పి అంటే మొక్కు అనుకోవడం మాకు సులభం. సూరమ్మ మా గుమ్మంలోకి వచ్చి పూజారినే నిలదీసింది.

"ఏం పంతులుగారూ, కావిడోలు ఎలాగ గుచ్చుకుంటారు?"

"ఉపవాసముండి, స్నానం చేసి..."

"ఎవుల ముంగిట?"

"ఊరందరి ముందూనమ్మా."

"ఈడు ఎవుల ముంగిట సేసాడు? నక్కి సేసాడు. ఈది ఈదంతా పాటపాడి పాలు పోసేది మొక్కు. ఒక్కడే నక్కి సేసుకునేది ఏడుపు. మీరు ఏడుపుకి పసుపు రాత్తన్నారు."

పూజారి మంచివాడే. లేచి వెళ్ళిపోయాడు. నాన్న పంచె ఉతికి ఆరేశాడు, ఆ రాత్రి అన్నం తినలేదు.

అప్పటికి రెండు నెలల ముందు సంగతి ఒకటుంది. పెద్దింటికి, అంటే ఎస్టేటు దొరగారి బంగళాకు, వెనక తలుపునుంచి సూరమ్మను పిలిపించారు. దొర కూతురు ఎలెన్‌కు పదిహేనేళ్ళు. ఎందుకు పిలిచారో సూరమ్మ ఎవరికీ చెప్పలేదు. ఒక ఆదివారం చర్చి ముందు కారు దిగుతున్న ఎలెన్‌ను నేను రోడ్డు మీదనుంచి చూశాను. గౌను చెయ్యి జారి మణికట్టు కనబడింది. కట్టు, ముడి పక్కకు, తోక లోపలికి. ఆమె కూడా నా చేతి వైపు చూసింది. ఇద్దరం ఒకరి ముడి ఒకరం చదువుకున్నాం. అదే వారం ఆమెకు నరాల బలహీనత అని, చల్లగాలి కావాలని, ఫ్రాన్సుకు ఓడెక్కించారు. చేపలవాళ్ళ క్రియోల్ కుర్రాడొకడు కూడా అలాంటి చేత్తోనే వచ్చేవాడు. వాడికి ఫాదరు పాపం ఒప్పుకోమని చెప్పాడట. సూరమ్మ నీళ్ళు మార్చేది, మనిషిని బట్టి గుడ్డ మార్చేది కాదు. అందరికీ అదే చీర పేలిక.

నేను పెద్ద చదువులు చదవలేదు. అయినా అడుగుతాను. ఒకటే బాధకు ఇన్ని పేర్లెందుకు? బిడ్డ ఎవరి బిడ్డో చూసి పేరు పెడతారా? బంగళాలో పుడితే నరాలు, చర్చి పక్కన పుడితే పాపం, మా గదుల్లో పుడితే అమ్మోరు, కూలీ పుస్తకంలోకెక్కితే బద్ధకం. ఏ పూట వస్తుందని మాత్రం ఎవరూ అడగరు.

పూజారి వచ్చి వెళ్ళిన వారమే, గురువారం నాడు, డాక్టరు ఇంకా మానని నా చేతి కట్టు విప్పి చూశాడు. వెంట దొర, సర్దారు ఉన్నారు. డాక్టరు ఏదో రాసి, పుస్తకం సూరమ్మ వైపు తిప్పాడు. సర్దారు మాట తెలుగు చేశాడు: "పని ఎగ్గొట్టడానికి సేసుకున్నాడని రాసినారు. నువ్వు కట్టినావు కాబట్టి సాచ్చికం ఏలెయ్యాల. కానీ, తొరగా." అలా రాస్తే మా గది పోతుందని అక్కడున్న అందరికీ తెలుసు.

"పని మానలేదు కదా ఈడు. సర్దారుబాబూ, నీ ముఠాలోనే ఉన్నాడు, ఒక్క రోజు మానేడా?"

సర్దారు నేల చూశాడు. "నన్నడక్కే. ఏలెయ్యే తల్లీ, నీకేటి పోయింది?"

ఆమె డాక్టరుకు నేరుగా అర్థం కావాలని క్రియోల్‌లో అంది: "పా కపావ్." కుదరదు. తర్వాత దొర వైపు తిరిగి తెలుగులోనే అడిగింది: "రెండు నెల్ల కిందట మీ ఇంట్ల నాను కట్టిన కట్టుకి ఏ పుత్తకంల ఏం రాసినారు దొరా?"

సర్దారు దాన్ని తర్జుమా చెయ్యలేదు. అక్కర్లేకపోయింది. దొర చెవులదాకా ఎర్రబడ్డాడు. అక్కడికక్కడే ఆమె నడుముకున్న తెల్లగుడ్డ విప్పించారు. ఆమె దాన్ని మడత పెట్టి బల్ల మీద పెట్టి, నా చేతికి కట్టు పూర్తిచేసి, ముడి పక్కకు వేసి వెళ్ళింది. వారం లోపల మేం గది ఖాళీ చేసి మాంటాన్ బ్లాంష్‌లో మేనత్త ఇంటికి చేరాం. సూరమ్మ రెండు ఊళ్ళ అవతల తమ్ముడి పంచన చేరింది. ఆమె ఇక ఎవరికీ కట్లు కట్టలేదు, ఎవరూ పిలవలేదు. నా చెయ్యి మానింది. గాలి ఆగినప్పుడల్లా ఏదో ఒకటి చుట్టేవాణ్ణి. తాడు, గుడ్డ, కాగితం.

నా పేరు పక్కన ఏం రాశారో నా కళ్ళతో చూడాలని చదువు నేర్చుకున్నాను. మావాళ్ళు సాయంత్రంపూట నడుపుకునే బడి, బైఠకాలో మాస్టారు తెలుగు దిద్దించారు. రొట్టె చుట్టి ఇచ్చిన పాత పత్రికల్లో ఫ్రెంచి, డబ్బాల మీద ఇంగ్లీషు, నాకు నేనే నేర్చుకున్నాను. పద్దెనిమిదో ఏట ఎస్టేటు ఆస్పత్రి మూసేస్తూ పుస్తకాలను గిడ్డంగిలో పారేశారని తెలిసి, గుమాస్తాను బతిమాలి లోపలికి వెళ్ళాను. వాక్యం ఉంది. కింద సూరమ్మ పేరు. పక్కన వేలిముద్ర, నున్నగా, గుండ్రంగా, మధ్యలో ఏ గీతా లేకుండా.

ఆ ఆదివారమే వెళ్ళి ఆమెతో చెప్పాను. ఆమె తన బొటనవేలిని ఎండకు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూసుకుంది.

"ఓర్నీ, సదూకున్నోలకి ఏలు కూడా అరువేనేటి?" అంది. ఊరంతా తను వేలు వేసిందనే నమ్ముతోందని అప్పటికే ఆమెకు తెలుసట. అమ్ముకుందన్నవాళ్ళూ ఉన్నారు. ఆ మాట అంతవరకూ నా దగ్గర ఎత్తలేదు. "ఒరే, అది ఎవుల ఏలో కనుక్కో. ఆడికీ ఎవులూ సెప్పుండరు, దేనికేసాడో. నాను సచ్చేలోగా కనుక్కోరా."

కనుక్కోవడమే నా పని అయింది. ఎస్టేటుకు రాశాను, జిల్లా కచేరీకి రాశాను, గవర్నరు ఆఫీసుకు రాశాను. ఎవరూ పలకలేదు. చివరికి చర్చివాళ్ళ దగ్గర ఎలెన్ అడ్రసు సంపాదించి, సూరమ్మ నన్నడిగిన ప్రశ్నతో సహా జరిగిందంతా నాకొచ్చిన ఫ్రెంచిలో ఒక ఉత్తరం రాశాను. దొర కూడా అప్పటికి ఆమె దగ్గరికే వెళ్ళిపోయాడని విన్నాను. ఏడాది గడిచింది. ప్లేన్ మాన్యెన్ దగ్గర ఎయిరుపోర్టులో నాకు మూటలు మోసే పని దొరికింది. విమానంలో ఉత్తరాల సంచులు దిగిన ప్రతిసారీ నా మూట దించి అటే చూసేవాణ్ణి. స్వాతంత్ర్యం వచ్చింది, కొత్త జెండా ఎగిరింది. దానికి పదకొండు రోజుల ముందు సూరమ్మ పోయింది. నేను చేరేసరికి స్నానం అయిపోయింది. చేతులు గుండె మీద పెట్టి, విడిపోకుండా బొటనవేళ్ళు రెండూ కలిపి ఎవరో పేలికతో కట్టారు. ముడి నడిమిన వేశారు. విప్పి పక్కకు వేశాను.

పోయిన నెల, ఆస్పత్రి బల్ల మీద, ఊలు చొక్కా పిల్ల వైపు కాస్త వంగి నేను అడిగాను: "ఏ పూట వస్తుందమ్మా?" వాళ్ళమ్మ నా వైపు విసురుగా చూసింది. పిల్ల ఊలు చొక్కా చేతిని వేళ్ళ మీదికి లాక్కుంది. తర్వాత, ఎవరో తలుపు తీసినట్టు, "బడినుంచి బస్సు దిగాక, తాతా" అంది.  వాళ్ళమ్మ పిల్ల చెయ్యి పట్టుకుంది. నర్సు కుర్చీ లాక్కుని వాళ్ళ ముందు కూర్చుంది. నేను నా కట్టు చూసుకున్నాను. ముడి నడిమిన ఉంది. ఇంటికొచ్చి మార్చుకున్నాను.

నా పెట్టె అడుగున ఆ ఫ్రెంచి ఉత్తరం ఉంది. జెండా ఎగిరిన నెలలోనే వచ్చింది. దాన్ని నేనే తెలుగు చేసి, వినాల్సిన మనిషి లేక, ఇన్నేళ్ళూ దాచాను. అది ఇది:

"అయ్యా, మీ ఉత్తరం నా దగ్గర ఏడాదిగా ఉంది. మా నాన్నగారిని అడగడానికి అంతకాలం పట్టింది. నిన్న భోజనాల దగ్గర అడిగాను. వేలు మా వంటవాడిదట. బియ్యం బస్తాలు దిగాయని చెప్పి వేయించారట. 'ఎవరిదో ఒక వేలు కావాలి కదా' అని, మళ్ళీ తినడం మొదలుపెట్టారు. నా కట్టు సంగతి ఏ పుస్తకంలోనూ రాయలేదు కాబట్టి చూపించడానికి నా దగ్గర కాగితం లేదు. నా చెయ్యి ఉంది. ముడి పక్కకు వేస్తూ ఆమె నన్ను ఏదో అడిగింది, తెలుగులో. నాకు అర్థం కాలేదు. జవాబు చెప్పలేదు. అదేమిటో ఇన్నేళ్ళ తర్వాత మీ ఉత్తరంలో చదివాను. తెల్లవారుజామున అని ఆమెతో చెప్పండి. ఇప్పుడు రావడం లేదని కూడా చెప్పండి."